ఈ నడుమ చదివిన ఐదు పుస్తకములు



పుస్తకమును విని దానిని గురించి వాదించుకొనుట మన పల్లెలకు కొత్త కాదు. రాత్రి భారతకాలక్షేపము జరిగిన మరునాడు రచ్చబండమీద "కర్ణుడు చేసినది న్యాయమా?" యని మాట పుట్టెడిది. వినినవారిలో అక్షరములు రానివారే యెక్కువ. అయినను వాదమునకు లోటు లేదు. ఎవరికి వారు తమ యింటి పంపకముల తగవును మనసులో పెట్టుకొని కౌరవపాండవుల తగవును తీర్చెడివారు. పండితులు దీనిని విమర్శ యనకపోవచ్చును. గ్రంథములోని మాటను తమకు తెలిసిన బ్రతుకుతో ఒరసి చూచుకొను ఆ పద్ధతి నాకు చాల ఇష్టము. ఈనాటి ప్రసంగములో నేను చేయబోవునదియు అదియే.

గడచిన కొన్ని మాసములలో ఐదు పుస్తకములు చదివితిని. ఒకటి యాత్ర, ఒకటి స్వీయచరిత్ర, ఒకటి నాటకము, ఒకటి నవల, ఒకటి చరిత్ర. వీనిలో ఈ మధ్య వ్రాసినది ఒక్కటియు లేదు. వీని పేర్లు మీలో పెక్కురు విన్నవారే. కొందరు చిన్ననాడు చదివియు ఉందురు. వీనిని చదువుచున్నంతసేపు నాకొక కొరత తోచుచుండెను. పుస్తకములో ఒక మాట వచ్చును. అది యెంతవరకు నిజమో, దాని బరువు ఎంతయో, నిఘంటువు చెప్పలేదు, పట్టణములోని స్నేహితులును చెప్పలేరు. పల్లెలో డెబ్బది యెనుబది యేండ్లు బ్రతికినవారు ప్రక్కన కూర్చుండి చెప్పవలసినదే. కావున ఈ పుస్తకములు నాకెట్లు తోచినవో చెప్పుచు, మిమ్ము అడుగవలసిన మాటలను కూడ నడుమనడుమ అడుగుదును.

మొదటిది ఏనుగుల వీరాస్వామయ్య గారి కాశీయాత్రచరిత్ర. వీరాస్వామయ్యగారు చెన్నపట్టణపు సుప్రీము కోర్టులో దుబాసీ, అనగా ఒకరి భాషను వేరొకరికి తెలియజెప్పు ఉద్యోగి. 1830వ సంవత్సరము మే నెల 18వ తేదీన బయలుదేరి, 1831 సెప్టెంబరు 3వ తేదీన ఇల్లు చేరిరి. పదునైదు మాసములకు పైబడిన ప్రయాణము. కుటుంబము, పరివారము, బోయీలు అందరును కలిసి ఇంచుమించు నూర్గురు. కాశికి పోయినవాడును కాటికి పోయినవాడును ఒకటే యని లోకులు చెప్పుకొను రోజులవి. రైలు లేదు, చాలచోట్ల బాట యనదగిన బాటయే లేదు. దారిలో చూచినదెల్ల వ్రాసి, కోమలేశ్వరపురము శ్రీనివాసపిళ్ల అను స్నేహితునకు పంపుచుండిరి. ఆ వ్రాతలనే పిళ్లగారు 1838లో అచ్చువేయించిరి. వీరాస్వామయ్యగారు 1836లోనే గతించుటచేత తమ పుస్తకమును అచ్చులో చూచుకొనలేదు. తరువాత 1941లో దిగవల్లి వేంకటశివరావుగారు దానిని పరిష్కరించి ప్రకటించిరి గాన, నేడు మన చేతికి వచ్చుచున్నది.

కాశీయాత్ర యనగానే భక్తి, స్తోత్రములు, స్థలమాహాత్మ్యములు ఉండునని నేను ఎదురు చూచితిని. అవియును లేకపోలేదు. కాని పుట తిప్పినకొలది కనబడునది వేరు. ఈ యూరిలో నీరు మంచిది. ఈ యూరిలో అంగళ్లు కలవు. ఈ యూరిలో బసకు చోటు చాలదు. ఈ దారి రాతినేల, ఈ దారి అడుసు. ఇక్కడ ఏరు దాటుటకు సాధనము ఇది. ఊరు వెంట ఊరు ఇదే లెక్క. నా స్నేహితుడొకడు ఈ పుస్తకమును ఏబది పుటలు చదివి, "ఇది యాత్రయా, దినుసుల పట్టీయా?" అని మూతవేసెను. అతని మాట నాకు సరిపడలేదు. నూర్గురిని వెంటబెట్టుకొని నడచువానికి అంగడి లేని యూరు తగిలినదనగా నూరు కడుపులు ఆ రాత్రి మాడినవని అర్థము. నీరు మంచిది కాదనగా మరునాడు ఎవరో ఒకరికి జబ్బు. అంగళ్ల లెక్క వెనుక ఉన్న ఆందోళనము పెండ్లివారిని పొరుగూరికి తరలించిన యజమానునకు వెంటనే తెలియును. పుస్తకము ఆ యజమానుని మనసుతో వ్రాసినది.

ఆయన పోవునప్పుడు తిరుపతి, కడప, అహోబిలము, శ్రీశైలముల మీదుగా హైదరాబాదు చేరి, అక్కడనుండి నాగపురము మార్గమున ఉత్తరమునకు సాగిరి. మరలివచ్చునప్పుడు జగన్నాథము చూచుకొని, సముద్రతీరపు దారిని శ్రీకాకుళము, విశాఖపట్టణము, రాజమహేంద్రవరము, నెల్లూరు దాటి వచ్చిరి. తెలుగుదేశమును ఈ చివరనుండి ఆ చివరకు రెండు బాటలలో చూచినారన్నమాట. ఆ బాటలలోని ఊళ్లవారు తమ యూరి పేరు వచ్చిన పుటను తీసి చూడవలెనని నా కోరిక. ఆయన త్రాగిన బావి యెక్కడ? ఆయన దిగిన చావడి ఉన్నదా, పడిపోయినదా? ఆయన దాటిన ఏటి రేవును ఇప్పుడు ఏమని పిలుచుచున్నారు? చెన్నపట్టణములోను హైదరాబాదులోను కూర్చున్నవారు దీనికి జవాబు చెప్పలేరు. ఆ యూరి కరణము కుటుంబములోనో, చాకలిరేవు దగ్గరనో, పశువులు తోలుకొని పోవు ముసలివాని నోటనో ఆ జవాబు ఇంకను మిగిలి ఉండవచ్చును.

భాషను గురించి ఒక మాట. ఇందలి తెలుగు పండితుల తెలుగు కాదు. హిందుస్తానీ మాటలు, కచ్చేరీ మాటలు, అరవపు పోకడలు కలగలసిన చెన్నపట్టణపు ఉద్యోగుల వాడుక. మొదటి నాలుగు పుటలు కొంచెము కష్టపెట్టును. పిమ్మట చెవికి అలవాటగును.

రెండవది కందుకూరి వీరేశలింగముగారి స్వీయచరిత్రము. రెండు భాగములు, 1911లో ఒకటి, 1915లో ఒకటి వెలువడినవి. దాచక చెప్పవలెనన్న, ఇందులో చాలభాగము నాకు అలసట కలిగించినది. ఎవరితో తగవు వచ్చినది, ఎవరు ఏ యర్జీ పెట్టిరి, దానికి తాము ఏ జవాబు వ్రాసితిమి అను విషయములు వరుసగా సాగును. పోరాడిన మనిషికి తన పోరాటములోని ప్రతి దెబ్బయు జ్ఞాపకముండుట సహజమే. చదువువానికి అన్ని దెబ్బలును అక్కర లేదు.

అయితే 1881వ సంవత్సరము దగ్గరకు వచ్చునప్పటికి పుస్తకమును క్రింద పెట్టలేకపోతిని. ఆ యేడు డిసెంబరు 11వ తేదీన రాజమహేంద్రవరములో ఆయన మొదటి వితంతు వివాహము జరిపించిరి. కాకినాడ వర్తకులు పైడా రామకృష్ణయ్యగారు ధనసహాయము చేసిరి. ఊరిలోని పెద్దలు కన్నెఱ్ఱజేసిరి. వంటవారు మానిరి, నీళ్లు తెచ్చువారు మానిరి. అప్పుడు ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మగారు తామే వంట చేసి, తామే గోదావరికి పోయి నీళ్లు మోసి తెచ్చిరి.

పట్టణమున కుళాయి త్రిప్పుకొని చదువువారికి ఇది ఒక వాక్యము. వెలి యనునది పల్లెలో ఎట్లుండునో ఎరిగినవారికి మాత్రము ఇక్కడ గుండె ఆగును. వెలి వేయబడిన యింటికి నిప్పు పుట్టదు, నీరు పుట్టదు. మంగలి రాడు, చాకలి రాడు. శుభమునకు పిలుపు లేదు, అశుభమునకు నలుగురు మోయువారు లేరు. మగవాడు సభలో ఉపన్యసించి, పత్రికలో వ్యాసము వ్రాసి తన కోపము తీర్చుకొనవచ్చును. వెలి బరువు బిందెలో పడును. ఆ బిందె ఎత్తుకొన్నది రాజ్యలక్ష్మమ్మగారు. రేవులో తక్కిన ఆడవారు ఆమెను చూచి ఏమనిరి? పక్కకు తొలగిరా? ఎవరైన చాటున ఒక మంచిమాట పలికిరా? ఆమె 1910లో గతించినది, అనగా భర్తగారి పుస్తకములో మొదటి భాగము వెలువడుటకు ముందే. ఆమె వ్రాసియుండిన పుస్తకమును నేను రెండు భాగములకును బదులుగా చదివియుందును. మీ యూళ్లలో ఏనాడో ఎవరో వెలి పడియుందురు. ఆ యింటి ఆడవారు ఆ రోజులు ఎట్లు గడిపిరో మీకు తెలిసినంత వ్రాయించి ఉంచినచో, ఆ వ్రాయని పుస్తకమునకు కొన్ని పుటలు దొరకినట్లే.

గురజాడ అప్పారావుగారి కన్యాశుల్కమును గురించి నేను విస్తరింపను. గిరీశము, మధురవాణి, రామప్పంతులు, లుబ్ధావధాన్లు మీకందరకును పరిచితులే. 1892లో విజయనగరములో మొదట ప్రదర్శింపబడి, 1897లో అచ్చుపడి, 1909లో పెంచి మార్చి మరల వెలువడిన నాటకమది. ఈ మారు చదివినప్పుడు నన్ను నిలిపినది నాటకము కాదు. మొదటి ముద్రణమునకు అప్పారావుగారు ఇంగ్లీషులో వ్రాసిన పీఠిక. విజయనగరము మహారాజుగారి యాజ్ఞచేత విశాఖపట్టణము జిల్లాలో మూడేండ్లపాటు జరిగిన కన్యాశుల్క వివాహముల పట్టీ నొకదానిని తయారు చేసిరట. నమోదైనవి 1034. సగటున ఏడాదికి 344. ఆ పెండ్లికూతుండ్రలో ఐదేండ్లవారు 99 మంది, నాలుగేండ్లవారు 44, మూడేండ్లవారు 36, రెండేండ్లవారు ఆరుగురు, ఏడాది పసికందులు ముగ్గురు.

ఈ అంకెలు చదివిన తరువాత నాటకమును మరల తీసితిని. మునుపు నవ్విన చోటనే నవ్వితిని. కాని నవ్వు మధ్యలో ఆగుచు వచ్చెను. లుబ్ధావధాన్లు వంటి ముసలివాడు ఒక్కడు కల్పించిన పాత్ర యని అనుకొనుట సుఖము. పట్టీలో వేయిమందికి పైగా ఉన్నప్పుడు ఆ సుఖము చెడును. బాలికలకు పదునాలుగేండ్లు నిండనిదే పెండ్లి కూడదని శాసనము 1929లో వచ్చినది. మీ ముత్తవల పెండ్లిండ్లు అంతకు ముందువే. వారు ఎన్నవ యేట అత్తవారింటికి పోయిరి? సొమ్ము ఎవరు ఎవరికి ఇచ్చిరి? మీ యింటిలో ఈ మాట ఎరిగినవారు బహుశః మీరొక్కరే. మీ తరువాతివారికి ముత్తవ పేరైన తెలియునో తెలియదో.

నాలుగవది ఉన్నవ లక్ష్మీనారాయణగారి మాలపల్లి. సహాయనిరాకరణోద్యమములో చెరసాల పాలై, ఆ చెరలో వ్రాసిన నవల ఇది. 1922లో వెలువడినది. అప్పటి ప్రభుత్వము దీనిని నిషేధించినది. 1937లో కాంగ్రెసు మంత్రివర్గము వచ్చిన పిమ్మట గాని ఆ యడ్డంకి పూర్తిగా తొలగలేదు. మంగళాపురము అను పల్లె. అందులో రామదాసు అను భక్తుడు, అతని కుటుంబము. సంగదాసు అను కుమారుడు. చౌదరయ్య అను మోతుబరి. కూలివారి పక్షమున నిలిచిన సంగదాసు చౌదరయ్య చేతి దెబ్బకు ప్రాణము విడుచును. అతని యన్న వేంకటదాసు, సాధుమార్గము చాలదని తలచి దోపిడిదారుడై ఉన్నవారిని కొట్టి లేనివారికి పెట్టును.

గ్రంథము పెద్దది. ఉపన్యాసములు దీర్ఘములు. తత్త్వములు వచ్చినప్పుడు కథ కూలబడును. సంగదాసు మరీ మంచివాడు. అంత మంచివానిని నేను పల్లెలోగాని పట్నములోగాని చూడలేదు. కాని పాలేరు, ఆసామి ఎదురెదురుగా నిలిచి కూలి మాటలాడు పట్టున లక్ష్మీనారాయణగారి కలము తడబడదు. అక్కడ ఎవ్వరి నోట వారి మాటయే పలుకును.

కూలి తగవును పుస్తకములో చదువుట సులభము. కూలి గింజలలో ముట్టినప్పుడు ఏ కుంచముతో కొలిచిరి? ఇచ్చు కుంచమును పుచ్చుకొను కుంచమును ఒక్కటేనా? తలకొట్టి కొలిచిరా, గోపురముగా కొలిచిరా? గింజలు మాని డబ్బు ఇచ్చు పద్ధతి వచ్చిననాడు ఎవరికి లాభము, ఎవరికి నష్టము? కరవు సంవత్సరమున పాలేరు ముందుగా తెచ్చుకొన్న గింజలకు వడ్డీ యెంత? ఈ ప్రశ్నలకు ఊరిలో రెండు జవాబులు ఉండును. కొలిచి పోసినవాని జవాబు ఒకటి. ఒడి పట్టినవాని జవాబు ఒకటి. ఈ నవలను చదువుటకు కూర్చున్నప్పుడు ఊరిలోని పెద్దలు మాత్రమే కూర్చుండినచో సగము పుస్తకమే చదివినట్లు. ఆ పేటలోని ముసలివారు, ఆ కూలి పుచ్చుకొన్నవారు, ప్రక్కననే సమానముగా కూర్చుండి వినవలెను. "ఇది ఇట్లు జరుగలేదు" అని వారనినచో తక్కినవారు నోరు మూసికొని వినవలెను. ఉన్నవవారు ఎంత సానుభూతి కలవారైనను ఆ వాడలో పుట్టినవారు కారు. ఆయన వ్రాసినది నిజమో కాదో తేల్చు అధికారము ఆ వాడవారిది. ఈ మాట కొందరికి రుచింపకపోవచ్చును. నవల వెలువడి నూరేండ్లు దాటినది. ఇంకను ఎన్నాళ్లు ఆగుదుము?

ఇక ఐదవది, సురవరము ప్రతాపరెడ్డిగారి ఆంధ్రుల సాంఘిక చరిత్ర. 1926లో గోలకొండ పత్రికను స్థాపించిన ప్రతాపరెడ్డిగారే వీరు. తెలంగాణమున తెలుగు కవులు లేరని ఎవరో అన్నందుకు, 354 మంది కవుల రచనలతో 1934లో గోలకొండ కవుల సంచికను కూర్చి చూపిన పట్టుదల వారిది. సాంఘిక చరిత్ర 1949లో వెలువడినది. వారు 1953లో గతించిరి. 1955లో కేంద్ర సాహిత్య అకాడమీ తెలుగునకు ఇచ్చిన మొదటి బహుమానము ఈ గ్రంథమునకే దక్కినది.

ఏ రాజు ఏ రాజును ఎప్పుడు జయించెనో ఇందులో వెదకిన నిరాశయే. జనులు ఏమి తినిరి, ఏమి కట్టిరి, ఏ యాటలు ఆడిరి, ఏ దేవతలకు మ్రొక్కిరి, దొంగను ఎట్లు శిక్షించిరి, పంట ఎట్లు పండించిరి అనునవే చరిత్ర యని ఆయన నిశ్చయము. వీనికి శాసనములు చాలవు. కావున కావ్యములను, కథలను, చాటువులను జల్లెడపట్టిరి. వర్ణనకొరకు కవి వ్రాసిన పద్యములో ఒక అంబలి పేరో, ఒక చీర పేరో, ఒక పిల్లల యాట పేరో దొరకినచో దానిని పట్టుకొని చరిత్రలోనికి తెచ్చిరి. ఐదు పుస్తకములలో నాకు ఎక్కువ సంతోషము కలిగించినది ఇదియే. పులుసు పేరు దొరకినందుకు పొంగిపోవు చరిత్రకారుని మరియొకనిని నేనెరుగను.

చదువుచు నేను నడుమనడుమ నిఘంటువు తీసితిని. మన సంస్కృతాంధ్ర పండితుల నిఘంటువులలో ఒక ఆట పేరునకు "క్రీడావిశేషము" అనియు, ఒక చెట్టు పేరునకు "వృక్షవిశేషము" అనియు అర్థము వ్రాయు అలవాటు కలదు. ఆట అని నాకును తెలియును. ఎట్లు ఆడుదురో కదా కావలసినది! ఈ విషయములో 1852లో అచ్చయిన బ్రౌను దొర నిఘంటువు కొంత నయము. కడపలో పండితులను జీతమిచ్చి నియమించుకొని, వేమన పద్యములను వెదకి అచ్చువేయించిన ఆ దొర, వాడుక మాటలను తక్కువ చూడలేదు. ఇంకను మిగిలిన మాటలు లెక్కకు మిక్కిలి. బండిలో ఏ కొయ్యకు ఏ పేరు? ఎద్దు సుడులలో ఏది మంచిది, ఏది చెడ్డది? ఎరువుల వరి రాకమునుపు మీ యూరి చేలలో వేసిన వడ్ల రకములు ఏవి, ఏ రకము ఎన్ని నెలలకు కోతకు వచ్చెడిది, దాని అన్నము రంగు ఎట్లుండెడిది? ప్రతాపరెడ్డిగారు అయిదువందల యేండ్లనాటి మాట కొరకు కావ్యములు గాలించిరి. ఏబది యరువది యేండ్ల క్రిందటి మాట కొరకు గాలించుటకు కావ్యము కూడ లేదు, మీరున్నారు.

ఇట్లు అడుగుటకు చోటెక్కడ యని మీరు అనవచ్చును. మన గ్రామ గ్రంథాలయములు ఊరక పుట్టినవి కావు. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము వెలసినది. 1914లో బెజవాడలో గ్రంథాలయములవారు అందరును కూడి సంఘముగా ఏర్పడిరి. అయ్యంకి వెంకటరమణయ్యగారు దానికి ప్రాణము పోసిరి. 1935లో పాతూరి నాగభూషణముగారు కృష్ణకాలువలో పడవమీద పుస్తకములు పెట్టి ఊరూరికి నడిపించిరి. అంత శ్రమతో వచ్చిన పుస్తకములు నేడు పలుయూళ్లలో బీరువాలో ఉన్నవి, తాళముచెవి ఎవరి వద్ద ఉన్నదో తెలియదు. ఆ తాళము తీయించుటకు మీ మాట చాలును. అక్కడ ఒక రూళ్ల నోటుబుక్కు, ఒక పెన్సిలు ఉంచుడు. చదివినవారు పుస్తకము పేరు, పుట సంఖ్య వేసి, "ఇందులో ఇట్లున్నది, మా యూరిలో ఇట్లుండెడిది" అని రెండు పంక్తులు వ్రాసి, క్రింద తమ పేరు, వయస్సు, తేదీ వేయవలెను. పద్యము అక్కరలేదు, వ్యాకరణము అక్కరలేదు. గ్రంథము అంచున వ్రాయవద్దు. అది అందరి సొత్తు.

ఏది ముందు చదువవలెనని అడిగినచో కాశీయాత్రను ముందు తీయుమందును. పెద్దదని జంకనక్కరలేదు. మీ జిల్లా వచ్చిన పుటలనుండియే మొదలుపెట్టవచ్చును. యాత్రాగ్రంథమునకు మొదటినుండి చదువవలెనను నియమము లేదు. చూపు ఆననివారు మనుమని చేతనో మనుమరాలి చేతనో చదివించుకొనుడు. పాత మాటలు వచ్చిన చోట వారు తడబడి ఆగుదురు. ఆ మాటకు పుటసంఖ్య వేయించి, మీకు తెలిసిన అర్థము చెప్పి, నోటుబుక్కులో వారిచేతనే వ్రాయించుడు.